జాడీ నిండా సంతోషం

ఆ ఎండాకాలం నారాయణఖేడ్‌లో నీళ్లు లేవు, కరెంటు లేదు. సంతోషం మాత్రం దండిగా ఉండేది. హైదరాబాద్ నుంచి అట్టపెట్టెల్లో పార్సిల్ వచ్చేది.

రెండువేల పదమూడు సంగతి. బస్టాండు దాటాక ఎరువుల దుకాణం మీద, మొదటి అంతస్తులో మా సెంటర్. ఎక్కడెక్కడి వాళ్లో చేత్తో నింపిన ఇన్సూరెన్స్ కాగితాల ఫోటోలు మా కంప్యూటర్లలోకి వస్తాయి. వాటిని చూసి మేం టైపు కొట్టాలి. నేనూ, మా అక్క ఫర్జానా ఇద్దరం అక్కడే పని. అక్కను నేను ఆపా అంటాను. ఆపా టైపు కొడుతుంటే ఆ గాలికి పక్కనున్న చాయ్ చల్లారిపోయేది. నా కీబోర్డు మీద ఒకసారి సాలీడు గూడు కట్టుకుని, పిల్లల్ని పెట్టి, వాటిని బడికి కూడా పంపింది.

మా మేనేజర్ వీరేశ్. సెంటర్ వెనక సందులో ఉండే వీరప్ప కాక, రుక్కమ్మల కొడుకే. చిన్నప్పుడు మా ఇంట్లో ఖిచిడీ తిని, మా గుమ్మంలోనే నిద్రపోయినవాడు. హైదరాబాద్‌లో ఎంబీయే చదివి, టై కట్టుకుని ఊళ్లోకి దిగాడు. ఆ టై కట్టినప్పటి నుంచి అతని మెడ పక్కకు తిరగడం మానేసింది.

మార్చిలో హెడ్డాఫీసు వాళ్లు వీరేశ్‌ను పిలిచి రెండ్రోజులు ఏదో నేర్పించి పంపారు. దాని పేరు ఎంప్లాయీ ఎంగేజ్‌మెంట్. ఉద్యోగి మనసు పనికి అతుక్కుపోవాలట. మనసు సంగతి నాకు తెలియదు గానీ, ఆ ఎండకు మా వీపులు మాత్రం కుర్చీలకు బాగానే అతుక్కున్నాయి. ఏసీ ఉంది. కరెంటు ఉన్నప్పుడు నడుస్తుంది. కరెంటు మేం ఇళ్లకు పోయాక వస్తుంది. జనరేటర్ కంప్యూటర్లకే గాని మనుషులకు కాదు.

వీరేశ్ తిరిగొచ్చిన మర్నాడు గుమ్మంలో ఒక పెద్ద గాజు జాడీ పెట్టించాడు. పక్కన రెండు గంపలు. ఒకదాంట్లో పసుపు రంగు ప్లాస్టిక్ బంతులు, వాటిమీద నవ్వు మొహం. ఇంకోదాంట్లో నల్లబంతులు.

"పొద్దుగాల రాంగనే ఎవరికి వాళ్లు ఒక బంతి ఎయ్యాలె," అన్నాడు వీరేశ్. "సంతోషంగ ఉంటె పసుపుది. లేకుంటె నల్లది. ఏం భయం లేదు. మనది కంపెనీ కాదు, కుటుంబం. నేను మీ మేనేజర్‌ను కాదు, ఇంటి పెద్దన్నను."

"అయితె అన్నా, ఫ్యాన్ ఎప్పుడు బాగుచేపిస్తవ్?" వెనక వరసలోంచి సంతోషి అడిగింది. సిర్గాపూర్ నుంచి బస్సులో వచ్చే పిల్ల.

"నెగెటివ్ మాటలొద్దు. అందరు చప్పట్లు కొట్టుండ్రి."

కొట్టాం. ఆ రోజు నుంచి రోజూ కొట్టాం. ఎందుకు కొడుతున్నామో తెలియకుండా పొద్దున్నే చప్పట్లు కొట్టడం ఎంత రోతంటే, చేతులు కడుక్కున్నాక కూడా పోదు.

సంతోషి మొదటి రోజే నల్లబంతి వేసింది. సాయంత్రం అందరూ పోయేవేళకు వీరేశ్ ఆమెను కూర్చోబెట్టి 'మనసు విప్పి మాట్లాడుడు' అనే కార్యక్రమం పెట్టాడు. ఆమె మనసు విప్పి, మళ్లీ మూసి, కిందికి దిగేసరికి సిర్గాపూర్ ఆఖరి బస్సు పోయింది. వాళ్ల నాయిన ఎవరిదో బండి అడుక్కుని వచ్చి తీసుకుపోయాడు. మర్నాడు సంతోషి పసుపు బంతి వేసింది. ఒక మనిషి ఒక్క సాయంత్రంలో సంతోషం నేర్చుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

ఇక నల్లబంతుల గంపలో ఒక్కటీ కదల్లేదు. మీద దుమ్ము పట్టింది.

నాకు విసుగు పుడితే ఊరికి మంచిది కాదు. ఏప్రిల్‌లో ఒకరోజు విసుగు పుట్టింది. జేబుల నిండా పసుపు బంతులు దోపుకుని అన్నీ జాడీలో కుమ్మరించాను. మేమున్నది నలభై మందిమి. సంతోషంగా ఉన్నవాళ్లు అరవై మంది అయ్యారు. ఎవడో ఒకడు లెక్కపెట్టి నన్ను పట్టుకుంటాడని పొద్దంతా ఎదురుచూశాను. వీరేశ్ ఆ లెక్కను అలాగే హైదరాబాద్‌కు పంపాడు. సాయంత్రం ఫోనొచ్చింది. నూటయాభై శాతం సంతోషమట. అన్ని సెంటర్లలోకీ మనమే ఫస్టట. మర్నాడు కేకు కోశారు. వారం తిరక్కుండా ఇంకా బంతులు వచ్చాయి, వాటితోపాటు టోపీలు, బెలూన్లు, నవ్వు మొహం అచ్చేసిన బనీన్లు. పెట్టెలు పైకి మోసింది మేమే. మర్నాడు చూస్తే అవి కనబడేవి కావు. ఎక్కడ పెట్టారని ఎవరం అడగలేదు.

నేను చేసిన కొంటె పనులన్నింటిలో నాకే అసహ్యం పుట్టించింది అదొక్కటే. అబద్ధం ఆడితే కనీసం ఎవరైనా తిట్టాలి. వీళ్లు కేకు పెట్టారు.

మా అంతస్తులో ఒక బాత్రూం ఉంది. తలుపుకు 'విజిటర్స్ ఓన్లీ' అని రేకు, దాని కింద తాళం. తాళంచెవి వీరేశ్ ప్యాంటు జేబులో, బండి తాళంతో కలిపి ఉంటుంది. సెంటర్ పెట్టినప్పటి నుంచి వచ్చిన విజిటర్ ఒక బల్లి. అది కూడా తలుపు కింది సందులోంచే పోయేది, తాళంచెవి అడిగేది కాదు.

మగవాళ్లం కింది దుకాణం గోదాం వెనక్కి పోయేవాళ్లం. అక్కడున్న వేపచెట్టు మమ్మల్ని చూసి ఆ ఏడు పూత మానుకుంది. ఆడపిల్లలు సందులోకి దిగి, వీరేశ్ వాళ్లింటి పెరట్లోకి పోయేవాళ్లు. రుక్కమ్మ పెద్దమ్మ ఏమీ అనేది కాదు. "రాండ్రి బిడ్డా, గోలెంల నీళ్లున్నయ్. సిగ్గెందుకు, నేను గూడ ఆడదాన్నే," అనేది.

ఏప్రిల్ ఆఖర్లో హైదరాబాద్ వాళ్లు కంప్యూటర్లలో కొత్తది ఒకటి ఎక్కించారు. కొద్దిసేపు కీబోర్డు ముట్టకపోతే తెర చుట్టూ ఎర్రగా వెలుగుతుంది. అదే ఎరుపు వీరేశ్ తెర మీద మన పేరు పక్కనా వెలుగుతుంది. మెట్లు దిగి, సందు తిరిగి, రుక్కమ్మ పెరట్లోకి పోయి వచ్చేసరికి ఎవరి తెరైనా ఎర్రగా పండిపోవాల్సిందే.

"సీట్ల మనిషి లేకుంటె పనిల మనసు లేనట్టే లెక్క," అని చెప్పాడు వీరేశ్. "మే నెలల ఎవరి స్క్రీన్ తక్కువసార్లు ఎర్రగైతదో, వాళ్లే టీం లీడర్."

ఆ మాటకు ఆపా తల ఎత్తి చూసింది. నేను ఆమె పక్కనుంచి పోతూ చూశాను. ఆ చూపు నాకు తెలుసు.

మా అబ్బా వహీద్ కల్హేర్ దారిలో ఆటో నడుపుతాడు. ఆపా పనిలో చేరతానన్నప్పుడు ఇంట్లో నెల రోజులు పంచాయితీ నడిచింది. చివరికి ఆయన, "రంజాన్ దాకా పో. ఆ తర్వాత ఇంట్ల ఉండు," అని తేల్చాడు. ఆ ఏడు రంజాన్ జూలైలో. ఆపా మే మొదట్లో అన్నం దగ్గర మెల్లగా అడిగింది.

"అబ్బా, టీం లీడర్ అయితె?"

"అంటె?"

"అందరి మీద నేనుంట. వీరేశన్న తర్వాత నేనే."

అబ్బా ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించాడు. ఆటోలో ఎక్కిన ప్రతి మనిషికీ, వాళ్లు అడక్కపోయినా, "నా బిడ్డ ఏసీల కూసుంటది," అని చెప్పుకునేవాడాయన. టీం లీడర్ అంటే ఇంకెంత చెప్పుకోవచ్చో లెక్కేసుకున్నట్టున్నాడు.

"అయితె సూద్దాం తియ్," అన్నాడు.

మా అబ్బా నోట 'సూద్దాం' వచ్చిందంటే కాగితం మీద సంతకం అయినట్టే. ఇక ఆపాను కుర్చీలోంచి లేపడం భూకంపం వల్ల కూడా కాలేదు.

వారం తర్వాత సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు బండి మీద ఆమె సంచి నా వీపుకు తగిలింది. బరువుగా ఉంది.

"ఏందాపా గిది, రాళ్లు మోస్కపోతున్నవా?"

"నీళ్ల బాటిల్."

"పొద్దుగాల అమ్మీ నింపిచ్చిందే గదా? నిండ నిండనే ఉన్నది?"

"దూప గాలే."

"గింత ఎండల దూప గాలేదా? నువ్వేమన్న ఒంటెవా?"

"తాగితె పోవాలె. పోతె ఎర్రగైతది," అంది. "నోర్మూసుకోని బండి నడుపు."

"రంజాన్ ఇంక రెండు నెలలున్నది. గిప్పటి నుంచే రోజా పట్టినవా?"

నా మాటలకు ఆపా ముందు తిడుతుంది, తర్వాత నవ్వుతుంది. ఆ రోజు తిట్టలేదు, నవ్వలేదు. బస్టాండు దగ్గర చెరకు రసం బండి కనబడితే మొహం అటు తిప్పుకుంది.

ఆమె ఒక్కతే కాదు. మే నడిమికి వచ్చేసరికి ఆడపిల్లల బల్లల మీద బాటిళ్లన్నీ నిండుగా, దుకాణంలో అమ్మకానికి పెట్టినట్టు వరసగా ఉండేవి. సాయంత్రం వేడెక్కిన నీళ్లను మెట్ల మీద ఒంపేసి ఇళ్లకు పోయేవాళ్లు. ఊళ్లో బిందె నీళ్ల కోసం కొట్లాటలు అవుతుంటే మా మెట్లు మాత్రం రోజూ కడిగినట్టు ఉండేవి.

నాకు ఒక ఉపాయం తెలుసు. స్పేస్ మీట మీద ఒక బరువు పెట్టి పోతే కంప్యూటర్ మనం పనిచేస్తున్నామనే అనుకుంటుంది. నేను అలా చాయ్‌కి పోయొచ్చేసరికి నాసిక్‌లో ఒక పెద్దమనిషి పేరుకూ ఇంటిపేరుకూ నడుమ మూడు పేజీల దూరం వచ్చింది. ఎవరూ కనిపెట్టలేదు. ఆపాకు చెప్పాను.

"గా స్టీల్ గ్లాస్ పెట్టి పోయిరా. నేను సూస్కుంట."

"వద్దు," అంది. "దొంగ లీడర్ అని నువ్వే రేపు ఎక్కిరిస్తవ్. నాకు నిజంగనే కావాలె గా పోస్టు."

మే ఆఖరి వారంలో ఒక పొద్దున, చప్పట్ల మధ్యలో ఆపా కూర్చుండిపోయింది. పళ్లు కొట్టుకుంటున్నాయి. ఆ ఎండలో చలి అంటోంది. నడుం పట్టుకుని వంగిపోయింది. వీరేశ్ చూసి, "ఫర్జానా, ఎనర్జీ! ఎనర్జీ!" అన్నాడు. నేను, సంతోషి ఆమెను రెండు రెక్కలు పట్టుకుని కిందికి దింపాం. అబ్బా ఆటో తెచ్చాడు.

దవాఖానలో డాక్టరమ్మ పరీక్షలు చూసి ఆపా మంచం మీద కూర్చుంది.

"నీళ్లు ఎంత తాగుతవ్?"

"మంచిగనే తాగుత."

"నాకు అబద్ధం జెప్పు, ఏం గాదు. కిడ్నీకి జెప్పరాదు బిడ్డా. అది ఎవ్వరి మాట ఇనది."

మా అమ్మీ బాను బీ లేచి నిలబడింది. ఇంట్లో మాది దక్కనీ మాట. గట్టి కోపం వస్తే మాత్రం అమ్మీ తెలుగులోకి దిగుతుంది, తిట్లకు తెలుగే బరువని ఆమె నమ్మకం. "మా ఇంట్ల నీళ్లకు కరువున్నదా డాక్టరమ్మా? రోజు నేనే నింపిస్త! ఏందే ఫర్జానా, తాగకుంట ఏం జేస్తున్నవ్ గా నీళ్లను?"

ఆపా గోడవైపు తిరిగి పడుకుంది. నేనే చెప్పాను. తాళం, ఎర్రతెర, సందు, పోస్టు, అన్నీ. చెప్తుంటే అమ్మీ ఒక్కసారి కూడా నడుమ మాట్లాడలేదు. అలా జరగడం నా ఇరవై ఏళ్లలో అదే మొదలు.

అబ్బా బెంచీ మీద కూర్చుని చేతులకేసి చూసుకుంటున్నాడు.

"ఏసీల కూసుంటదని జెప్పిన అందరికి," అన్నాడు.

ఆ సాయంత్రం వీరేశ్ ఫోన్ చేశాడు. "పరేషాన్ గాకుండ్రి. కంపెనీ మొత్తం ఫర్జానా ఎనకనే ఉన్నది. మనది కుటుంబం," అన్నాడు. చూడడానికి రాలేదు. ఎవరి చేతనో ఒక బెలూన్ పంపాడు. దాని మీద నవ్వు మొహం. అమ్మీ దాన్ని మంచం కింద పెడితే తెల్లారేసరికి గాలి పోయి మూతి వంకరైంది. ఆ సెంటర్ నుంచి వచ్చిన వాటిలో నాకు కొద్దిగా నిజాయితీ కనిపించింది దాంట్లోనే.

మూడోనాడు జ్వరం దిగింది. అబ్బాను ఆపా దగ్గర ఉంచి, జావ కాసుకుపోదామని నేనూ అమ్మీ ఇంటికి వచ్చాం. మా గుమ్మం ముందు చెప్పుల రాశి. వాకిట్లో గల్లీ ఆడవాళ్లంతా నేల మీద కూర్చుని ఏడుస్తున్నారు. రుక్కమ్మ పెద్దమ్మ మా అమ్మీని చూడగానే లేచొచ్చి మెడ మీద పడింది.

"ఎంత పనాయె వదినె! బంగారమసొంటి పిల్ల! నిన్నగాక మొన్న నా ముంగట తిరిగె!"

అమ్మీ ఆమె భుజం మీదుగా నావైపు చూసింది. "ఏం జేసినవ్ రా?"

"నేను గాదు అమ్మీ."

"నువ్వు గాకుంటె ఇంకెవరు?"

ఆ అనుమానానికి కారణం లేకపోలేదు. ఏడాది కింద మా గల్లీ హన్మయ్య తాత బతికుండగానే ఆయనకు సంతాప సభ పెట్టింది నేనే. తాత కూడా వచ్చి ముందు వరసలో కూర్చుని, తన గురించి మంచి మాటలు విని, రెండు చాయ్‌లు తాగి పోయాడు. కానీ ఈసారి నా చేతులు శుభ్రంగా ఉన్నాయి.

"ఖురాన్ తోడు అమ్మీ, నేను గాదు. పెద్దమ్మా, ఎవరు జెప్పిన్రు నీకు? ఆపా బతికున్నది. ఇప్పుడే బ్రెడ్డు తిన్నది."

రుక్కమ్మ ఏడుపు సగంలో ఆగింది. "బతికున్నదా? మరి మొగులయ్య సూసిండట గదరా! చాయ్ ఇయ్యనీకి మీదికి పోయిండట. మా వీరేశ్ ఆఫీసుల ఫర్జానా ఫోటో పెద్దది జేసి పెట్టి, దండేసి, ముంగట దీపం గూడ పెట్టిండట! మొగులయ్య చాయ్ కెటిల్ ఆడ్నే ఇడ్సిపెట్టి ఏడ్సుకుంట కిందికొచ్చిండు. మీ కాక గుంత తవ్వేటోళ్లను మాట్లాడనీకి పోయిండు!"

ఖేడ్‌లో వార్త నడవదు. దానికి మోటారు సైకిలుంది.

అమ్మీ అరవలేదు. చేతిలోని ఖాళీ గిన్నె కింద పెట్టి, బుర్ఖా సర్దుకుని, వచ్చిన దారినే బయటికి నడిచింది. ఏడవడానికి వచ్చిన ఆడవాళ్లంతా కళ్లు తుడుచుకుని ఆమె వెనక నడిచారు. వచ్చిన పని ఇంకా పూర్తి కాలేదన్నట్టు ఉంది వాళ్ల నడక.

మొగులయ్య తప్పేమీ లేదు. సెంటర్ గుమ్మంలో జాడీకి పైన, గోడకు ఆపా ఫోటో. గుర్తింపు కార్డులోది పెద్దది చేయించారు, నవ్వు లేని మొహం. చుట్టూ నల్లటి చెక్క చట్రం. దానికి దసరా పూజలో వాడిన ప్లాస్టిక్ పూలదండ. చుట్టూ ఆరుతూ వెలుగుతూ సీరియల్ బల్బులు. ముందు బల్ల మీద, కేకు మీదిది మిగిలిన కొవ్వొత్తి. కింద ఇంగ్లీషులో ఏదో రాసుంది. ఇంగ్లీషు రాని మనిషి చదవగలిగినదంతా మొగులయ్య సరిగ్గానే చదివాడు.

నేను జీవితంలో చాలా కొంటె పనులు చేశాను. కానీ దవాఖానలో ఉన్న పిల్ల ఫోటోకు దండ వేయడం నాకెప్పుడూ తట్టలేదు. అంత పని చేయాలంటే కొంటెతనం సరిపోదు. ట్రైనింగ్ కావాలి.

"రా అమ్మా, రా!" వీరేశ్ ఎదురొచ్చాడు. మా అమ్మీని అతను చిన్నప్పటి నుంచి అమ్మా అనే పిలుస్తాడు. "సూడు, నీ బిడ్డ స్టార్ ఆఫ్ ది మంత్!"

అమ్మీ కొవ్వొత్తి ఊదేసింది. దండ తీసి అతని చేతిలో పెట్టింది.

"ఎందుకిచ్చినవ్ గిది?"

"దవాఖానకు పోయెదాక మే నెలల ఫర్జానా స్క్రీన్ ఒక్కసారి గూడ ఎర్రగ గాలే. ఒక్కసారి గూడ సీటు ఇడ్వలే. గసొంటి ఎంగేజ్‌మెంట్ హైదరాబాద్‌ల గూడ లేదమ్మా!"

మాట అయిపోగానే అలవాటు కొద్దీ మగవాళ్ల వరసలో ఇద్దరు చప్పట్లు కొట్టారు. కొట్టి, ఆగిపోయారు. అంత రోత చప్పుడు నేను మళ్లీ వినలేదు.

"పొద్దుగాల్నుంచి పొద్దుగూకెదాక ఒక్కసారి గూడ లేవలేదా?" అమ్మీ అడిగింది.

"లేవలే అమ్మా."

"నువ్వెన్నిసార్లు లేస్తవ్ కొడుకా?"

వెనక నుంచి రుక్కమ్మ చెప్పింది. "చాయ్‌కొస్తున్న అంటడు గని వదినె, ఇంట్లకు రాంగనే సీదా పెరట్లకే ఉరుకుతడు."

"అమ్మా, నువ్వు ఊకో!"

"కుటుంబం అంటివట," అంది అమ్మీ. గొంతు పెంచలేదు. "నా ఇంట్ల తిని పెరిగినవ్. ఏ కుటుంబంల బాత్రూంకు తాళమేస్తర్రా? ఇయ్యి చెవి."

"అది విజిటర్లకు అమ్మా..."

"నేనెవరిని? ఈడ నౌకరీ జేస్తున్ననా? విజిటర్‌నే గద. ఇయ్యి."

వీరేశ్ చేయి కదల్లేదు. రుక్కమ్మ ముందుకొచ్చి, చిన్నపిల్లాడి జేబులో బెల్లం ముక్క వెతికినట్టు కొడుకు ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీసింది. అతను టై పట్టుకుని నిలబడ్డాడు.

తలుపు తెరవగానే సంతోషం బయటికి వచ్చింది.

నేల నుంచి పైకప్పు దాకా అట్టపెట్టెలు. అడుగున ఉన్నవి తడికి చివికి పగిలి ఉన్నాయి. తలుపు ఆపు పోయేసరికి పసుపు బంతులు జలజలా రాలి, మా కాళ్ల మధ్యనుంచి హాల్లోకి, హాల్లోంచి మెట్ల మీదికి, మెట్ల మీదినుంచి యూరియా బస్తాల మీదుగా రోడ్డు మీదికి పోయాయి. బస్టాండు మేక ఒకటి ఒక బంతిని వాసన చూసి వదిలేసింది. ఆ మేక అంతకుముందు ఎన్నికల పోస్టర్లు, ఒక గొడుగు తిన్నది.

పెట్టెలు బయటికి లాగాం. టోపీలు, బనీన్లు, బెలూన్లు. వాటన్నింటి కింద కమోడ్, కొన్నప్పుడు చుట్టిన ప్లాస్టిక్ కాగితం ఇంకా అలాగే ఉంది. అమ్మీ నల్లా తిప్పింది. ఒకసారి దగ్గి, తర్వాత ధారగా నీళ్లొచ్చాయి. పైన ట్యాంకు ఎప్పటినుంచో నిండే ఉంది. వాడినవాళ్లు ఎవరు గనక?

సంతోషి తన కుర్చీలోంచి లేచింది. చున్నీ సర్దుకుని, వీరేశ్ ముందునుంచే నడిచి లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆమె వెనక ఇంకో పిల్ల లేచింది. తర్వాత ఇంకో పిల్ల. వరస గోడ దాకా పోయింది. ఒకటి తర్వాత ఒకటి తెరలన్నీ ఎర్రబడ్డాయి. కాసేపటికి ఆ హాలు పెళ్లి పందిరిలా వెలిగిపోయింది.

ఇక్కడితో కంపెనీకి సిగ్గొచ్చిందని రాస్తే బాగుండేది. జూన్‌లో మొదటి వాన పడ్డాక హైదరాబాద్ నుంచి రెండు కార్లు వచ్చాయి. బాత్రూం తలుపుకు కొత్త రంగు, పైన కొత్త బోర్డు: 'మీ సౌకర్యమే మా సంతోషం'. గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బను. ఉద్యోగుల మాట విన్న సెంటర్ అని మాకు ఒక కప్పు కూడా ఇచ్చారు. తాళం తీసిన సంగతి అందరికీ చెప్పుకున్నారు. వేసిన సంగతి ఒక్కడు ఎత్తలేదు. వాళ్ల ఫోటోల కోసం నలుగుర్ని మళ్లీ పసుపు బంతులు పట్టుకోమన్నారు. రోడ్డు మీద దొరికినవి ఏరుకొచ్చి, కడిగి పెట్టారు.

రిబ్బను కోయడానికి ఆపాను పిలిచారు. ఇంట్లో అబ్బా, "ఇగ పోకు. నాకు ఏ పోస్టు వద్దు," అన్నాడు.

"పోస్టు నీకు గాదబ్బా, నాకు," అంది ఆపా. "నేను పోత. నువ్వే ఆటోల తోలుకపో."

చిక్కిపోయింది. సల్వార్ కమీజు హ్యాంగరుకు వేసినట్టు ఉంది. అబ్బా ఆమెను మెట్లెక్కించి, గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వీరేశ్ మైకు పట్టుకున్నాడు. "ఈ రోజు నుంచి మన టీం లీడర్, ఫర్జానా!" అన్నాడు. పెద్దసార్లు చప్పట్లు కొట్టారు. మా వాళ్లు కొట్టలేదు.

ఆపా చేతికి పళ్లెంలో కత్తెర ఇచ్చారు. కెమెరా అతను, "ఇటు చూడండి మేడం, స్మైల్," అన్నాడు.

ఆపా కత్తెర పళ్లెంలోనే పెట్టేసింది. సంచిలోంచి నీళ్ల బాటిల్ తీసింది. మూత తిప్పి తాగడం మొదలుపెట్టింది. తొందర లేదు. గుక్క మింగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ గుక్క. పెద్దసార్లు చూస్తున్నారు. కెమెరా అతను మోకాళ్ల మీద అలాగే ఉన్నాడు. బాటిల్ ఖాళీ అయింది. మూత పెట్టి అబ్బా చేతికిచ్చింది. తర్వాత రిబ్బను కింద నుంచి వంగి లోపలికి పోయి తలుపు వేసుకుంది.

గొళ్లెం పడిన చప్పుడు అందరికీ వినబడింది.

హాలంతా నిలబడే ఉంది. ఒక పెద్దసారు వాచీ చూసుకున్నాడు. ఇంకొకాయన బోర్డు చదివినట్టు నటించాడు. వీరేశ్ చెమట తుడుచుకుని నా చెవి దగ్గరికొచ్చాడు.

"షాహెద్, జల్దీ రమ్మని జెప్పురా. సార్లు నిలబడ్డరు."

"ఎందుకన్నా?" అన్నాను. "ఎవరి స్క్రీనన్న ఎర్రగైందా?"

లోపల నల్లా నీళ్లు పడుతున్న చప్పుడు. అబ్బా ఖాళీ బాటిల్ చంకలో పెట్టుకుని, ఎవర్నీ చూడకుండా, గోడకు ఆనుకుని ఉన్నాడు.

ఆ వారంలోనే నేను మానేశాను. ఆపా మానలేదు. లీడర్ అయ్యాక ఆమె చేయించిన మొదటి పని, ఆ తలుపుకు బయట తాళం పెట్టే కొండీని ఊడపీకించడం. జాడీలో మాత్రం ఏ బంతీ వేయలేదు. ఎవరూ అడగలేదు.

జూలైలో రంజాన్ వచ్చింది. అబ్బా పాత మాట ఎత్తలేదు. డాక్టరమ్మ ఆ ఏడు ఆపాను రోజా ఉండొద్దని గట్టిగా చెప్పింది. ఆదివారాలు మేమంతా నోళ్లు ఎండిపోయి ఇఫ్తార్ కోసం గడియారం చూస్తూ పడి ఉంటే, మిట్టమధ్యాహ్నం అబ్బా లేచేవాడు. కుండలోంచి గ్లాసు నిండా నీళ్లు ముంచి, తొణక్కుండా పట్టుకొచ్చి ఆపా ముందు కూర్చునేవాడు.

"తాగు," అనేవాడు. ఆమె మొత్తం తాగేదాకా అక్కడినుంచి కదిలేవాడు కాదు.